ఎవరూ తొక్కని చోటు

ఆగస్టు 4, సోమవారం

ఈ రోజు జట్టు పిల్లల మీద గొంతు చించుకున్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే వాళ్ళ తప్పేమీ లేదనిపిస్తోంది. ఆ మాట వాళ్ళకి మాత్రం చెప్పను.

సాయంత్రం ఒట్టి ఆట ఆడించాను. ఆ పేరు నాన్న పెట్టిందే. ఎదురు జట్టు ఉండదు. మన పదకొండు మందే ఖాళీ ఫుట్‌బాల్ మైదానంలో, అవతలివాళ్ళు ఉన్నట్టే అనుకుని, ఎవరు ఎప్పుడు ఎటు కదలాలో, పాస్ ఎక్కడ పడాలో సాధన చెయ్యాలి. ప్రహరీ అవతల నుంచి చూసేవాళ్ళు మాకేదో పట్టిందనుకుంటారు. నాన్న కోచ్‌గా ఉన్నన్నాళ్ళూ ఎదురు జట్టు మొత్తానికీ ఆయనొక్కడే. వాటర్ ట్యాంకు వైపు గోల్ ముందు, పెనాల్టీ బాక్సు గీతకి ఇవతల, కాస్త ఎడమగా, చేతులు వెనక్కి కట్టుకుని, దాడికి అడ్డుపడే స్టాపర్‌లా నిలబడేవాడు. అడుగు కూడా కదిపేవాడు కాదు. ఆయన్ని దాటి వెళ్ళడమే ఆట. పక్షవాతం వచ్చి కుర్చీలో కూలబడ్డాక కోచ్ పని నా నెత్తిన పడింది. ఆ చోట మాత్రం నేనెవరినీ నిలబెట్టలేదు. మనసొప్పలేదు.

ఈ రోజు కెప్టెన్ ఎడమ వింగ్ నుంచి లోపలికి దూసుకొచ్చింది. నేరుగా గోల్ మీదికి వెళ్ళాల్సిన పిల్ల ఆ చోటికి రాగానే పక్కకి ఒరిగి, వంపు తిరిగి, మళ్ళీ దారిలో పడింది. ఆ వంపులో ఒక క్షణం పోయింది. మేము ఇంత చెమటోడ్చేది ఆ ఒక్క క్షణం కోసమే.

"ఆ వంకర పరుగేంటే?"

"వంకరగా ఎక్కడొచ్చానక్కా? సూటిగానే వచ్చాగా."

మళ్ళీ పరిగెత్తించాను. మళ్ళీ అదే వంపు. మిగతావాళ్ళని కూడా ఒక్కొక్కరినే పంపాను. అందరూ అంతే, అడిగితే అందరూ సూటిగానే వచ్చామంటారు. నాకు తల బొప్పి కట్టింది.

ఏళ్ళ తరబడి నాన్న చుట్టూ తిరిగిన కాళ్ళు. అలవాటు అంత తేలిగ్గా పోదు. అంతే, ఇంకేం లేదు.

ఆగస్టు 6, బుధవారం

పొట్టి కూడా వంపు తిరుగుతోంది.

పొట్టి మా సెంటర్ ఫార్వర్డ్. మనిషి చిన్నదే గానీ కాళ్ళకి చక్రాలున్నాయి. జట్టులోకి వచ్చింది నాన్న పడిపోయిన తర్వాతే. ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మిగతావాళ్ళని చూసి నేర్చుకుని ఉంటుంది.

మైదానం చూసుకునే మాలి నన్ను పిలిచి, "మేడమ్, ఇక్కడ ఎవర్నీ ఆడించట్లేదా?" అని అడిగాడు. గోల్ ముందు నేలంతా తొక్కి తొక్కి మట్టి తేలిపోయింది. ఆ ఒక్క చోట మాత్రం చాప పరిచినంత మేర గడ్డి పచ్చగా, మడమ మునిగేంత ఉంది. కోసినా మళ్ళీ వస్తోందట. తొక్కేవాళ్ళు లేకపోతే రాక ఏం చేస్తుంది?

నేను దాని మీద కాలు పెట్టబోయాను. ఈలోగా బూటు లేసు వదులైనట్టనిపించింది. కట్టుకుని లేచేసరికి పిల్లలు పిలిచారు, వెళ్ళిపోయాను.

ఆగస్టు 9, శనివారం

సెమీఫైనల్ గెలిచాం.

ఆనందంగా రాయాల్సిన మాట. చెయ్యి ఆడటం లేదు. అవతలి జట్టు స్టాపర్లిద్దరూ కొత్తవాళ్ళు, వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళు. నాన్నెవరో వాళ్ళకి తెలియదు. అయినా ట్యాంకు వైపు గోల్ కాపాడుతున్నంత సేపూ ఇద్దరి మధ్యా వీధి తలుపు తీసిపెట్టినంత సందు వదిలేశారు. సరిగ్గా ఆ గడ్డి దగ్గరే. వాళ్ళ కోచ్ దగ్గర దగ్గరగా నిలబడమని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. వాళ్ళు తలూపుతారు, కదలరు. మా లెక్చరర్ - మధ్యలో ఆడే పిల్ల, మాటలెక్కువని ఆ పేరు - బంతిని ఆ సందులోంచి దొర్లించింది. ఎవరూ కాలు అడ్డం పెట్టలేదు. కెప్టెన్ చుట్టూ తిరిగొచ్చి అవతల అందుకుని గోల్ కొట్టింది.

క్లబ్ సెక్రటరీ వచ్చి చేయి కలిపాడు. "ఫైనల్ కూడా గెలవండి మేడమ్. గెలిస్తే వచ్చే ఏడు కూడా ఆడపిల్లల జట్టు ఉంటుంది. లేకపోతే నేనేం చెయ్యలేను" అని అదే నవ్వు మొహంతో అన్నాడు.

ఇంటికొచ్చి నాన్నకి ఆట మొత్తం చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు, అలసిపోయినవాడిలా. బయటికొచ్చాక ఆయన్ని చూసుకునే నర్సమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"అమ్మా, సారు సాయంత్రాలు ఒకలా ఉంటున్నారు. పగలంతా బొమ్మలా ఉంటారా, ప్రాక్టీసు వేళకి తల అటూ ఇటూ తిప్పుతారు. ఏదో తిరుగుతుంటే చూస్తున్నట్టు. ఈ రోజైతే చెమటలు పట్టాయి."

ఉక్కగా ఉంది కదా అన్నాను.

ఆగస్టు 12, మంగళవారం

బంతి ఆ చోటు గుండా వెళ్తోంది. మనిషి వెళ్తే? ఏ జట్టు వచ్చినా అక్కడ కాపలా ఉండదు. అలాంటి ఖాళీ కోసం కోచ్‌లు జీవితాలు ధారపోస్తారు. నాన్న ఎప్పుడూ చెప్పేది అదే. ఖాళీ దానంతటది దొరకదు, ఎవరో ఒకరు అక్కడి నుంచి వెళ్ళిపోతేనే పుడుతుంది, పుట్టి ఒక్క ఊపిరి సేపు బతుకుతుంది. ముందు బయలుదేరితే ఆఫ్‌సైడ్ అని ఆపేస్తారు, ఆలస్యమైతే మూసేస్తారు. నాకేమో మూసుకోని ఖాళీ దొరికింది. వాడుకోకపోతే నా అంత వెర్రిది ఉండదు.

పొట్టిని సూటిగా పరిగెత్తమన్నాను. వంపు తిరిగింది. ఇంకోసారి. వంపు. చివరికి కళ్ళు మూసుకుని పరిగెత్తమన్నాను.

వెళ్ళింది. గడ్డి మధ్యలో ఒక్కసారి తూలి, అవతలికి వచ్చి పడింది. భుజం రుద్దుకుంటూ లేచి చుట్టూ చూసింది.

"ఎవర్ని గుద్దానక్కా?"

"ఎవర్నీ లేదు. కాలు మడతపడి ఉంటుంది."

"కాదక్కా. అక్కడెవరో ఉన్నారు."

నవ్వేసి పంపించాను. ఇంటికొచ్చేసరికి నర్సమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. నాన్న కుర్చీలోంచి పక్కకి పడిపోయాడట. ఎవరో తోసినట్టు పడ్డారమ్మా అంది. బాగున్న వైపు భుజం కమిలిపోయింది.

కుర్చీ కాళ్ళు సరిగ్గా లేవు. రేపు మార్పించాలి.

ఆగస్టు 13, బుధవారం

కుర్చీ మార్పించాను.

పొట్టిని ఇంకోసారి పంపాను. తెలుసుకోవాలి కదా. ఒక్కసారే అనుకున్నాను. ఈసారి నర్సమ్మకి ఫోన్ చేసి, నాన్నని మంచం మీద పడుకోబెట్టమని చెప్పి, లైన్ కట్ చెయ్యకుండా పట్టుకునే పొట్టికి చెయ్యి ఊపాను. పొట్టి గడ్డిలో అడుగు పెట్టింది. ఫోన్‌లో నర్సమ్మ "సారూ, సారూ" అంటోంది. ఊపిరి తీసుకోవడం లేదమ్మా అంటోంది. పొట్టి అవతలికి దాటింది. కాసేపటికి, "తీసుకున్నారమ్మా, తీసుకున్నారు" అంది నర్సమ్మ. ఏడుస్తోంది.

నేనేం మనిషిని?

ఆగస్టు 14, గురువారం

ఆ వైపు ఎవరూ వెళ్ళొద్దని చెప్పాను. కారణం చెప్పలేదు.

ఆగస్టు 17, ఆదివారం

నాన్నకి గోళ్ళు తీశాను. చేతులు ఎంత తేలికైపోయాయో. కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫైనల్ గురించి చెప్పాను. కెప్టెన్ ఎర పరుగు పెడుతుంది. బంతి అక్కర్లేనట్టు వింగ్ వైపు దూరంగా పరిగెత్తి స్టాపర్‌ని తనతో లాక్కుపోతుంది. స్టాపర్ వెళ్ళిపోయిన చోటికి పొట్టి రావాలి. ఈ పాఠం నాన్న నాకు చిన్నప్పుడు వంటింట్లో నేర్పాడు. అమ్మని పొయ్యి దగ్గర్నుంచి మాటల్లో పెట్టి ఇవతలికి లాగేవాడు, నేను వెనక నుంచి వెళ్ళి బెల్లం డబ్బాలో చెయ్యి పెట్టేదాన్ని. అమ్మకి ఎప్పుడూ తెలిసేది, అయినా వచ్చేది.

"ట్యాంకు వైపు మాత్రం పాఠాలు పనికిరావు నాన్నా. అక్కడ నువ్వున్నావుగా" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

నాన్న నవ్వలేదు. ఎడం చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయనకిప్పుడు నాలుగైదు మాటలే వస్తాయి, అవీ ముద్దగా. నీళ్ళు, లైటు, అమ్మడూ, అంతే. ఈ రోజు కొత్త మాట అన్నాడు.

"పంపు."

"ఎవర్ని నాన్నా?"

తెలిసిన దాన్నే అడిగే ఆటగాళ్ళని ఎలా చూసేవాడో నన్ను అలా చూశాడు. "పంపెయ్, అమ్మడూ."

నర్సమ్మ మందులు పట్టుకొచ్చింది. "ఏమంటున్నారమ్మా సారు?"

"మీకు సెలవిచ్చి ఇంటికి పంపమంటున్నాడు. చాలా రోజులైంది కదా మీరు వెళ్ళి."

నర్సమ్మ మొహం వెలిగిపోయింది. నాన్న చెయ్యి నా మణికట్టు వదిలేసింది.

ఆగస్టు 18, సోమవారం

నర్సమ్మ ఊరెళ్ళింది. ప్రాక్టీసు కెప్టెన్‌కి అప్పగించి నేను ఇంట్లోనే ఉన్నాను. పగలంతా నాన్న నా వైపు చూడలేదు.

సాయంత్రమయ్యాక మొదలైంది. మంచం మీద తల నెమ్మదిగా కుడికి తిరిగింది. దుప్పటి కింద ఎడం కాలు కదిలింది, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నట్టు. కిటికీ మూసేశాను. అయినా మైదానం ఇక్కడికి కనపడదు, వినపడదు. కెప్టెన్‌కి ఫోన్ చేశాను.

"బంతి ఎక్కడుందే?"

"కుడి వింగ్‌లో అక్కా. ఏం?"

"మాట్లాడుతూ ఉండు. ఇప్పుడు?"

నాన్న తల ఎడమకి తిరిగింది. తిరిగిన తర్వాత కెప్టెన్ అంది, "ఇప్పుడే ఎడమకి మార్చాం."

ఫోన్ పెట్టేసి ఆయన పక్కన కూర్చున్నాను. కాసేపటికి పాదాలు పట్టుకుని చూశాను. తడిగా ఉన్నాయి. చెమటే అయి ఉంటుంది. దుప్పటి మీద ఒక గడ్డిపరక ఉంది. అది నా బూటుకి అంటుకుని వచ్చిందే.

బూట్లు గుమ్మం బయటే విప్పుతాను.

ఆగస్టు 20, బుధవారం

నర్సమ్మని పంపమని కాదు. నాకు ఆ క్షణంలోనే తెలుసు.

అలసిపోయాడు. ఇక్కడ పడుకుని ఉన్నాడనుకుంటున్నాం గానీ ఇన్నాళ్ళుగా అక్కడ నిలబడే ఉన్నాడు, ఎండలో, వానలో, మేము ప్రాక్టీసు ముగించి గేటు వేసుకుని వెళ్ళిపోయాక కూడా. ఎవరైనా తనని దాటితే తప్ప కదలకూడదు, అది ఆయన పెట్టుకున్న నియమం. పొట్టి తప్ప ఎవరూ దాటడం లేదు, దాన్నీ నేనే ఆపేశాను. అందరూ చుట్టూ తిరిగిపోతున్నారు.

పంపను. ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు కాబట్టి రాసుకుంటున్నాను. కప్పు పోతే పోనీ. జట్టు పోతే పోనీ, పిల్లలు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. మాట రాకపోయినా, నన్ను చూడకపోయినా, నాన్న ఆ గదిలో ఉండాలి. నేను తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి ఇంట్లో ఆయన ఉండాలి. నాకు అంతే కావాలి.

ఆగస్టు 23, శనివారం

రేపు ఫైనల్. మా మైదానంలోనే.

పొట్టి మాట వినేలా లేదు. "అంత పెద్ద సందు పెట్టుకుని పక్క నుంచి దేకడమెందుకక్కా? భయం పోయింది నాకు. కళ్ళు తెరుచుకునే వెళ్తా."

"వెళ్తే బెంచీ మీద కూర్చుంటావు."

"ఎందుకో చెప్పు మరి."

"నేను చెప్పాను కాబట్టి."

కెప్టెన్ కూడా నన్ను అదోలా చూసింది. చూడనీ.

నర్సమ్మ తిరిగొచ్చింది. నాన్నకి గెడ్డం గీశాం. ఆయన చెవి దగ్గర వంగి, "పంపను నాన్నా. అడగొద్దు" అన్నాను. ఎడం చెయ్యి ఎత్తి నా చెంప మీద పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. సరే అన్నట్టే అనుకున్నాను.

ఆగస్టు 24, ఆదివారం

ఈ రోజుది రాయలేను.

ఆగస్టు 28, గురువారం

పరామర్శకి వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ఇప్పుడు రాస్తాను.

మొదటి సగం గోల్ లేకుండానే గడిచింది. రెండో సగంలో మేము ట్యాంకు వైపు దాడికి వచ్చాం. వాళ్ళ స్టాపర్ ఒక పొడుగమ్మాయి, గట్టి మనిషి. అందరిలాగే ఆమె కూడా ఆ గడ్డికి ఇవతలే తచ్చాడింది. పొట్టి మాటిమాటికీ గడ్డి అంచు దాకా వచ్చి ఆగి నా వైపు చూస్తోంది. నేను తల అడ్డంగా ఊపుతున్నాను. బయట జనం పొట్టిని పిరికిదని గోల చేస్తున్నారు. నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

తర్వాత వాళ్ళ గోల్ కీపర్‌కి దెబ్బ తగిలింది. ఆట ఆపారు. అందరూ నీళ్ళకి వెళ్ళారు. పొడుగమ్మాయి బాటిల్ ఎత్తి తాగుతూ, ఎటు నడుస్తోందో కూడా చూసుకోకుండా, నేరుగా వెళ్ళి ఆ గడ్డి మధ్యలో నిలబడింది.

వంపు తిరగలేదు. తూలలేదు. నడుం మీద చెయ్యేసుకుని, మూతి తుడుచుకుని, మిగిలిన నీళ్ళు కాళ్ళ దగ్గర ఒంపేసింది. బూటుతో గడ్డిని రెండు మూడుసార్లు నొక్కింది, మామూలు నేల మీద ఎవరైనా నొక్కినట్టే.

నేను బెంచీ మీంచి లేచాను.

బెంచీ కింద నా బ్యాగులో ఫోన్ మోగడం మొదలైంది. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. నర్సమ్మే అయి ఉంటుంది, స్కోరెంతో అడగడానికి అనుకున్నాను. నర్సమ్మ ఏ రోజూ స్కోరు అడగలేదు. బ్యాగుని మడమతో ఇంకా లోపలికి తోశాను.

ఆట మళ్ళీ మొదలైంది. ఆ పిల్ల ఇంక ఆ చోటు వదల్లేదు. పొట్టికి సందు మూసుకుపోయింది. ఆ కొద్దిసేపు, పొడుగమ్మాయి ఇంకా కనిపెట్టకముందు, అక్కడ ఎవరూ లేని ఖాళీ పుట్టే ఉంటుంది. నాన్న నా కోసం ఆగి, నేను పంపనంటే, తనే పక్కకి తప్పుకుని చేసిన ఖాళీ. అప్పుడు నేను తల అడ్డంగా ఊపుతున్నాను.

నిర్ణీత సమయం అయిపోయింది. ఎవరికీ గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్ అన్నారు. సెక్రటరీ కణతలు పట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం సంతోషించాను. ఆట సాగినంత సేపూ నాకెవరూ ఏమీ చెప్పరు. చెప్పేదాకా నాకు నాన్న ఉన్నాడు. కోచ్‌ని అయ్యుండి, ఎవరూ గోల్ కొట్టకూడదని దేవుడికి మొక్కుకున్నాను. పెనాల్టీలు రావాలి, అవి కూడా తెమలకూడదు, ఒకరి తర్వాత ఒకరు తన్నుతూనే ఉండాలి, చీకటి పడాలి, లైట్లు వెయ్యాలి, ఇంకా తన్నాలి. "ఎంత ధీమాగా ఉన్నారు మేడమ్" అన్నాడు సెక్రటరీ.

ఎక్స్‌ట్రా టైమ్ మొదటి భాగం అవతలి వైపు గడిచింది. రెండో భాగంలో మళ్ళీ ట్యాంకు వైపుకి మారాం. ఇక అయిపోవస్తోందనగా కెప్టెన్ ఉన్నట్టుండి వింగ్ వైపు పరుగు అందుకుంది. నేను చెప్పలేదు. బంతి కోసం చెయ్యెత్తి అరుస్తూ పోయింది. పొడుగమ్మాయి ఒక్క క్షణం అటూ ఇటూ చూసి ఆమె వెనక వెళ్ళిపోయింది. అప్పటికే లెక్చరర్ బంతి వదిలేసింది, కెప్టెన్‌కి కాదు, ఎవరూ లేని ఆ గడ్డి అవతలికి. ఎవరికో తెలియని పాస్. జనం అయ్యో అనబోయారు.

పొట్టి సూటిగా వచ్చింది. గడ్డిని తొక్కుకుంటూ, నేను జీవితంలో ఆడించిన పరుగులన్నిటిలోకీ సూటిగా. వద్దు అని అరిచాను. జనం హోరులో నాకే వినపడలేదు. గోల్ కీపర్ కదిలేసరికి బంతి వలలో ఉంది.

ఆ తర్వాత విజిల్ వినడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎవరెవరో నన్ను ఎత్తుకున్నారు. దింపాక పొట్టి వచ్చి మెడకి చుట్టుకుంది. ఒళ్ళంతా చెమట, మట్టి.

"నువ్వొద్దన్నా వెళ్ళానక్కా. తిట్టకు. చూశావు కదా, ఏం కాలేదు. ఈసారి అక్కడెవరూ లేరు."

"అవునే, ఎవరూ లేరు" అన్నాను.

ఆమె ఇంకా నా మెడ వదలలేదు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో నా గుండెకి తెలుస్తోంది. ఆ వేగం తగ్గేదాకా వీపు నిమురుతూ నిలబడ్డాను. తర్వాత బెంచీ కింద నుంచి బ్యాగు తీసుకుని ఇంటికి నడిచాను. ఫోన్ దారిలో కూడా తియ్యలేదు.